పోశం అరచెయ్యి

ఎర్రగుట్ట గనుల కాలనీ, ఆదిలాబాద్ జిల్లా
1959 జూన్

తమ్ముడు హనుమండ్లుకు,

అక్క రామవ్వ దీవెనలు. నీకు జ్వరం వచ్చిందని ఎవరో చెబితే తెలిసింది. తగ్గిందనుకుంటాను. పంతులుగిరి చేసేవాడికి అక్కకు ఒక కార్డు రాయడానికి తీరిక దొరకకపోవడం విచిత్రమే.

ఈ ఉత్తరం తెస్తున్నవాడు దశరథం. మీ బావతో కలిసి బాయిలో కప్పు కింద గుంజలు నిలబెట్టే పని చేసేవాడు. బాయి అంటే బొగ్గుబాయి, నీ బడి భాషలో గని. అతని వెంట నా కొడుకు పోశాన్ని నీ దగ్గరికి పంపుతున్నాను. ఇక్కడి బడిలో ఏడో తరగతితో సరి. మీ బావ బాయిలో పోయినప్పటి నుంచి నేను పైన బొగ్గులో రాళ్లు ఏరే పనికి పోతున్నాను. పొద్దున పోతే పొద్దుగూకినాకే రావడం. వీడు ఒక్కడే బాయి గడ్డ మీద తిరుగుతుంటాడు. నాకది ఇష్టం లేదు.

కంపెనీ వాళ్లు వీడికి పద్దెనిమిదేళ్లు నిండితే బాపు జాగాలో పని ఇస్తామన్నారు. ఆ జాగా నాకు వద్దు. నీ దగ్గర ఒక్క మాట తీసుకుంటున్నాను. వీడికి చదువు రావాలి. పుస్తకం ఒక్కటే కాదు, నలుగురి ముందు నిలబడి తనకు తెలిసింది తన నోటితో చెప్పడం రావాలి. వీడు పొద్దంతా ఒక్క మాట మాట్లాడడు. ఏదన్నా అడిగితే చేత్తో చూపిస్తాడు. నేను ఎందుకింత పట్టుదల పడుతున్నానో ఇప్పుడు అడగవద్దు.

మరదలికీ సుగుణకూ నా దీవెనలు చెప్పు.

రామవ్వ


కరీంనగర్
1959 సెప్టెంబర్

అక్కకు,

దండాలు. పోశం బాగున్నాడు. అన్నం బాగా తింటున్నాడు. అక్కడితో మంచి కబుర్లు అయిపోయాయి, మిగిలినవి జర ఓపిక పట్టి చదువు.

నేను చదువుకున్న రోజుల్లో ఉస్తాద్ ఒకసారి చెప్పేవాడు. మేమంతా కలిసి గొంతెత్తి అనేవాళ్లం. అంతే, తలకెక్కేది. లెక్కలన్నీ ఉర్దూలో నేర్చుకుని ఇప్పుడు తెలుగులో చెప్పవలసి వచ్చినా నేను పరేషాన్ కాలేదు. చెవి ఉన్నవాడికి ఏ చదువైనా వస్తుందని నా నమ్మకం. నా బిడ్డ సుగుణను చూడు. పోశానికి నేను పద్యం చెబుతుంటే అది వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ విని, సాయంత్రానికి తప్పు లేకుండా అప్పజెప్పింది. ఎవరి కోసం చెప్పానో వాడికి మాత్రం మొదటి పాదం కూడా రాలేదు.

త్రిభుజం అంటే ఏమిటో వాడి చేత ఎన్నిసార్లు వల్లె వేయించానో నాకే తెలియదు. తెల్లారి అడిగితే గాలిలో వేలితో ఏదో గీశాడు. నోటితో చెప్పరా అన్నాను. మళ్లీ గీశాడు. కోపం ఆగక రూళ్లకర్రతో అరచేతుల మీద కొట్టాను. ఏడవలేదు, చేతులు చంకల్లో దాచుకుని నిలబడ్డాడు.

మా బడిలో చేతిపని కూడా నేర్పాలని సర్కారు హుకుం వచ్చింది. నూలు వడకడం నేర్పాలట. పత్తీ, నూలు వడికే తకిలీలూ ఇంకా రాలేదు. పాఠం ఆగకూడదు కదా, అందుకని 'తకిలీ అనగా నేమి' అని ప్రశ్న పెట్టి జవాబు రాయించాను. తరగతిలో అందరూ రాశారు. మీవాడు రాయలేదు. పగిలిన గూనపెంకును గుండ్రంగా అరగదీసి, నడుమ బొక్క చేసి, వెదురుపుల్ల గుచ్చి తకిలీ ఒకటి చేసి నా బల్ల మీద పెట్టాడు. నేనడిగింది అది కాదని మందలించాను.

వీడికి చదువు అబ్బుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు. నీ మనసు కష్టపెట్టాలని రాయడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

హనుమండ్లు


ఎర్రగుట్ట గనుల కాలనీ
1959 అక్టోబర్

హనుమండ్లుకు,

నీ ఉత్తరం చదివాను. తకిలీ సంగతి దగ్గర నాకు నవ్వొచ్చింది. మీ బావ పోయినాక నేను నవ్వడం అదే మొదలు. పత్తి లేని తకిలీకి జవాబు రాయించిన పంతులువు నువ్వు, రాయనివాడు నా కొడుకు. ఇద్దరిలో ఎవరిని మందలించాలో నాకు తోచలేదు.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. పోశాన్ని కొట్టవలసి వస్తే కొట్టు, మేనమామవు, నీకు హక్కుంది. చేతుల మీద మాత్రం కొట్టవద్దు. వాడి చేతుల మీద ఇంకోసారి దెబ్బ పడిందని తెలిస్తే నేనే వచ్చి వాణ్ణి తీసుకుపోతాను.

ఆశ లేదని అప్పుడే రాయకు. నేను నిన్ను నమ్మి పంపాను.

రామవ్వ


కరీంనగర్
1960 ఫిబ్రవరి

అక్కకు,

దండాలు. ఈసారి ఉత్తరం సంతోషంగా రాస్తున్నాను. నిదానంగా కూర్చుని చదువు.

సంక్షిప్తంగా చెప్పడం నాకు రాదని నీకు తెలుసు. మొన్న పోశం పెరట్లో జొన్నబెండ్లు ముక్కలు చేసి, తుమ్మముళ్లు గుచ్చి ఏదో కడుతున్నాడు. చదువుకునే వేళ ఆటలేమిటని కసిరేలోపు రెండు చట్రాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి నాలుగు పుల్లలది, ఒకటి మూడు పుల్లలది. "మామా, గిది ఒత్తితే ఒరుగుతది. గిది ఎంత ఒత్తినా ఒరగది" అన్నాడు. నిజమే, నాలుగు పుల్లలది చేతిలో పక్కకు వాలిపోయింది. మూడు పుల్లలది కదలలేదు. అక్కా, నేను ఇన్నేళ్లుగా త్రిభుజం పాఠం చెబుతున్నాను, ఏనాడూ ఒక త్రిభుజాన్ని చేత్తో పట్టుకుని ఒత్తి చూడలేదు.

ఆ తరువాత నా తరగతి పిల్లలను వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను. సుగుణ వంటి వాళ్లకు వింటే వస్తుంది. కొందరికి నల్లబల్ల మీద బొమ్మ వేస్తే వస్తుంది. మరికొందరికి ఆ వస్తువు చేతిలో పడితే తప్ప రాదు. వాళ్లనే నేను మొద్దులని వెనక బల్ల మీద కూర్చోబెట్టాను. ఇప్పుడు పోశానికి భాగహారం చింతగింజలతో చెబుతున్నాను. వాడికి ఎక్కుతోంది.

ఇంకో వింత జరిగింది. మా బడిలో ఒక పాత గది ఉంది. పైన పొడుగాటి దూలం. ఒకరోజు పోశం బల్ల ఎక్కి, ఎడమ అరచెయ్యి దూలానికి ఆనించి, కుడిచేత్తో రూళ్లకర్ర పట్టుకుని మెల్లగా తడుతున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తట్టడం, జరగడం, మళ్లీ తట్టడం. పెద్దసారు వచ్చి గద్దించాడు. వీడు కిందికి దిగి "సార్, గీ దూలం లోపట ఏం లేదు" అన్నాడు. "ఎట్ల తెలిసిందిరా?" అంటే "ఏమో సార్, చెయ్యికి తెలుస్తది" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. పెద్దసారు కూడా నవ్వి వాణ్ణి బయట నిలబెట్టాడు. నాకు మాత్రం మనసు ఆగలేదు. బడి విడిచినాక వృత్తలేఖిని ముల్లు ఆ దూలంలో గుచ్చి చూశాను. మొత్తం లోపలికి పోయింది. చెదలు తినేశాయి. మరుసటి రోజు నుంచి పిల్లలను వరండాలో కూర్చోబెడుతున్నాం.

అందుకే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇటువంటి చేతులున్నవాణ్ణి పద్యాలతో, వ్యాకరణంతో వేధించడం ఎందుకు? ఇక్కడ నాకు తెలిసిన వడ్రంగి వాళ్ల వడ్ల కొట్టు ఉంది. బండ్లు, తలుపులు, దూలాలు చేస్తారు. పోశాన్ని బడి మాన్పించి అక్కడ పెడతాను. మాట్లాడవలసిన పని ఉండదు, రాయవలసిన పని ఉండదు. చేతులతోనే బతుకుతాడు. నువ్వు ఊఁ అంటే చాలు.

హనుమండ్లు


ఎర్రగుట్ట గనుల కాలనీ
1960 మార్చి

హనుమండ్లుకు,

నువ్వు సంతోషంగా రాశానన్న ఉత్తరం చదివి నేను ఆ రోజు పనికి పోలేకపోయాను. నీ తప్పు లేదు. నీకు నేను చెప్పలేదు కాబట్టి తెలియదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఎడమ అరచెయ్యి పైకి ఆనించి, కుడిచేత్తో తట్టి చూడడం పోశం సొంతంగా కనిపెట్టింది కాదు. అది మీ బావ పని. బాయిలో బొగ్గు తీసినాక నెత్తి మీద రాతికప్పు మిగులుతుంది. గుంజలు పెట్టేవాళ్లు ఆ కప్పును తట్టి, అది గట్టిగా ఉందో పొర విడిచిందో చూసి చెప్పాలి. అందరూ చప్పుడు విని చెబుతారు. మీ బావకు బాయిలో పేల్చే మందు చప్పుళ్లకు చెవులు సగం పోయాయి. అందుకని అరచెయ్యి ఆనించి చూసేవాడు. కప్పు మంచిదైతే చేతికి ఏమీ రాదట, పొర విడిస్తే జుమ్మంటుందట. పోశం చిన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఇంటి దూలాలు, గోడలు, నా వడ్ల గుమ్మి అన్నీ తట్టించేవాడు. గుమ్మిలో వడ్లు ఎంత దాకా ఉన్నాయో వాడు కళ్లు మూసుకుని చెబితే ఇద్దరూ మురిసిపోయేవాళ్లు.

మీ బావ పోయిన రోజు సంగతి దశరథం నాకు చెప్పాడు. ఆ పొద్దు మీ బావ లోపల కప్పు తట్టి చూసి, పైవాళ్ల దగ్గరికి వచ్చి "ఇయ్యాల కప్పు మంచిగ లేదు, మనుషులను తోలకున్రి" అన్నాడట. "ఎట్ల తెలిసింది కొమురెల్లీ?" అని అడిగారు. "చెయ్యికి తెలుస్తది" అన్నాడు. పోశం నీ పెద్దసారుకు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. వాళ్లు కూడా నవ్వారు. "చెయ్యికి తెలిసిందాన్ని కాయితం మీద ఎట్ల రాయమంటవు?" అన్నాడట ఒకడు. మళ్లీ తట్టి చూపించమన్నారు. తట్టాడు. చెవితో విన్నవాళ్లకు చప్పుడు గట్టిగానే వినిపించింది. ఎక్కడ, ఏ వైపు, ఎంత మేర, ఎందుకు అని అడుగుతుంటే మీ బావ అరచెయ్యి చాపి చూపించాడు తప్ప ఒక్క మాట చెప్పలేకపోయాడు. మనుషులను లోపలికి పంపారు. వాళ్ల నెత్తి మీద గుంజలన్నా పెట్టాలని తనూ పోయాడు. కప్పు కూలినప్పుడు దశరథం వెనక ఉన్నాడు కాబట్టి బతికి వచ్చాడు.

చెయ్యి అబద్ధం చెప్పలేదు హనుమండ్లూ. నోరు లేక మనిషి పోయాడు. నేను పోశాన్ని నీ దగ్గరికి పంపింది ఆ నోరు తెప్పించమని. నువ్వు మొదట వాడి చేతుల మీద కొట్టావు. ఇప్పుడు ఆ చేతులకు దండం పెట్టి, మాట్లాడవలసిన పని లేని చోట పెడతానంటున్నావు. నాకు రెండూ ఒక్కటే.

వాడికి చేత్తో వస్తుందని నువ్వు కనుక్కున్నావు, సంతోషం. నీకు ఒకటి గుర్తు చేస్తాను. నువ్వు బడి నుంచి వచ్చి అక్షరాలు పాడుతుంటే నాకు ఒక్కటీ వచ్చేది కాదు. విసుర్రాయి చుట్టూ రాలిన పిండిలో వేలితో రాసుకుంటే వచ్చాయి. ఈ ఉత్తరం ఆ అక్షరాలతోనే రాస్తున్నాను. చేతి నుంచి మొదలుపెట్టినా నేను మాట దాకా వచ్చాను కదా. వాణ్ణీ రానియ్యి. బడి మాన్పించావంటే మన ఇద్దరికీ మాటలు ఉండవు.

రామవ్వ


కరీంనగర్
1960 ఆగస్టు

అక్కకు,

దండాలు. నీ ఉత్తరానికి ఇన్ని నెలలు జవాబు రాయలేదు. బావ సంగతి చదివి నేనూ, మీ మరదలూ చాలా ఏడ్చాం. పోశానికి ఏమీ చెప్పలేదు. వాడికి తెలుసో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

బడి మాన్పించలేదు. ఎనిమిదో తరగతిలో వాడు తప్పాడు, మళ్లీ అదే తరగతిలో కూర్చోబెట్టాను. ఇంట్లో మాత్రం పద్ధతి మార్చాను. ఇది నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు, నువ్వు తిట్టినాక తోచింది.

సాయంత్రం పోశం జొన్నబెండ్లతో ఏదో ఒకటి కడతాడు. బండి కావచ్చు, మంచె కావచ్చు. సుగుణ వాడికి వీపు పెట్టి కూర్చుంటుంది. దాని దగ్గర కూడా అన్ని పుల్లలు, అన్ని ముళ్లు ఉంటాయి. వాడు కట్టింది చూడకుండా, వాడు నోటితో చెప్పింది విని అది అచ్చం అట్లాంటిదే కట్టాలి. ఒక్కటే షరతు, 'గిట్ల', 'గట్ల' అనే మాటలు వాడకూడదు.

మొదటి రోజులు చూడవలసింది. "పుల్లను గిట్ల పెట్టు" అంటాడు. "గిట్ల అంటే ఎట్ల? నా వీపుకు కండ్లున్నయా?" అని ఇది అరుస్తుంది. సుగుణ కట్టిన బండికి చక్రాలు పైకి వచ్చేవి. ఒకనాడు కోపంతో వాడి నెత్తి మీద పుల్లలన్నీ విసిరికొట్టింది. వాడు అన్నీ ఏరుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడిప్పుడే 'అడ్డం', 'నిలువు', 'కుడికొస', 'నడుమ నుంచి బెత్తెడు పైకి' అనే మాటలు వస్తున్నాయి. వాడు చెప్పింది సుగుణ పలక మీద రాస్తుంది. ఆ రాసింది వాడి చేత చదివిస్తున్నాను. ఎవరి పాఠమూ చదవలేనివాడు తన మాటలను తడుముకుంటూనైనా చదువుతున్నాడు.

ఒక వాక్యం చెప్పడానికి వాడికి చాలాసేపు పడుతుంది. చెమట పడుతుంది. నేను మధ్యలో అందివ్వబోతే సుగుణ నన్ను కసురుతోంది. ఈ ఇంట్లో నాకున్న విలువ అది.

చేతుల మీద మళ్లీ కొట్టలేదు. కొట్టను.

హనుమండ్లు


కరీంనగర్
1963 జూలై

అవ్వకు,

పోశం దండాలు. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. మామ చూస్తానంటే వద్దన్నాను. తప్పులుంటే ఏమనుకోకు.

నాకు పద్దెనిమిది నిండాయి. మామ ఇంకా చదువుకోమంటున్నాడు. వడ్ల కొట్టులో కూడా రమ్మంటున్నారు. సెలవుల్లో అక్కడ పనిచేశాను. పని బాగుంది. అయినా నేను బాయికి పోతాను అవ్వా.

నువ్వు వద్దంటావని తెలుసు. బాపు ఎట్లా పోయాడో నాకు అప్పుడే తెలుసు. దశరథం కాక నన్ను కరీంనగర్ తెచ్చిన రోజు దారిలో చెప్పాడు. నువ్వు నాకు చెప్పలేదు, నేను నీకు చెప్పలేదు.

బాయిలో సర్దార్ అని ఒకడు ఉంటాడట. కప్పు చూసి 'బయటికి రండి' అంటే అందరూ రావలసిందేనట. అధికారి కూడా లోపలికి పొమ్మనడానికి లేదట. దానికి పరీక్ష ఉంది. ముందు కొన్నేళ్లు లోపల పనిచేయాలి. తరువాత పెద్ద అధికారి ముందు కూర్చుని నోటితో జవాబులు చెప్పాలి. నా చేతికి ఒక పని తెలుసు. ఆ పని బాపు ఇచ్చిండు. అది బయట ఎక్కడా ఎవరి ప్రాణానికీ అవసరం లేదు, లోపల అవసరం ఉంది. నేను చెప్పడం నేర్చుకుంటున్నాను.

నువ్వు సరే అంటేనే వస్తాను. వద్దంటే వడ్ల కొట్టుకు పోతాను, నీ మీద కోపం పెట్టుకోను.

పోశం


ఎర్రగుట్ట గనుల కాలనీ
1963 నవంబర్

తమ్ముడు హనుమండ్లుకు,

పోశం ఉత్తరం నీకు తెలిసే ఉంటుంది. జవాబు రాయకుండా మూడు నెలలు గడిపాను. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. నీ మీద, దశరథం మీద, చచ్చిన మీ బావ మీద కూడా పడ్డాను. దశరథాన్ని ఇంటి ముందు నిలబెట్టి, పసివాడికి ఆ సంగతి ఎందుకు చెప్పావని నానా మాటలన్నాను. అతను తలవంచుకుని విన్నాడు. "వదినా, నేను ఎవరికన్నా చెప్పకపోతే పిచ్చి లేస్తుండె" అన్నాడు.

వాడు రాసిన ఉత్తరం మాత్రం రోజూ తీసి చదువుకున్నాను. అందులో ఒక చోట కూడా తడబాటు లేదు. తనకు ఏం కావాలో, ఎందుకు కావాలో, నేను వద్దంటే ఏం చేస్తాడో అన్నీ చెప్పాడు. నేను నోరు తెప్పించమన్నాను, నువ్వు తెప్పించావు. ఆ నోటితో వాడు మొదట అడిగిందే నేను ఇవ్వలేనిది. ఇదేం న్యాయమో చూడు.

చివరికి సరే అన్నాను. దసరా వెళ్లినాక వచ్చాడు, గుంజల పనిలో చేరాడు. దశరథం వెంటే పోతున్నాడు. వాడు లోపల ఉన్నంతసేపు నేను పైన బొగ్గులో రాళ్లు ఏరుతూనే ఉంటాను. షిఫ్టు ముగిసే కూత కూయగానే పని విడిచి పోయి బాయి మొకం దగ్గర నిలబడతాను. నాతోటి ఆడవాళ్లు మొదట్లో నవ్వారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. బయటికి వచ్చినవాళ్ల మొకాలన్నీ నల్లగా ఒక్క తీరుగానే ఉంటాయి. నడకను బట్టి గుర్తుపడతాను.

సర్దార్ అయ్యేదాకా వీడు కూడా బాపు లెక్కనే. తెలిసినా చెప్పే హక్కు లేనివాడు. ఆ ఏండ్లు గడిచేదాకా నేను బతికి ఉన్నట్టు కాదు.

రామవ్వ


ఎర్రగుట్ట గనుల కాలనీ
1967 ఫిబ్రవరి

హనుమండ్లుకు,

సుగుణ పెండ్లి ఖాయమైనందుకు సంతోషం. మేనరికం వద్దని అది తనే చెప్పిందని రాశావు. మంచిదే. వాళ్లిద్దరూ పుల్లలతో కొట్టుకున్న తీరు చూస్తే సంసారం ఎట్లా చేసేవాళ్లో.

పోశం సర్దార్ పరీక్షకు పోయి తప్పి వచ్చాడు. పుస్తకం ప్రశ్నలకు బాగానే చెప్పాడట. గాలి ఎట్లా పోవాలి, చెడ్డ గాలిని దీపంతో ఎట్లా కనిపెట్టాలి, అన్నీ. చివరికి ఆ అధికారి, కప్పు మంచిదో కాదో ఎట్లా పరీక్షిస్తావు అని అడిగాడు. అందరికంటే బాగా తెలిసిన ప్రశ్న అదే కదా. వీడు ఎడమ చెయ్యి పైకెత్తి, కుడిచేత్తో గాలిని తట్టి చూపించి ఊరుకున్నాడట. "నోటితో చెప్పు" అని ఆయన అన్నాడు. వీడు మళ్లీ గాలినే తట్టాడు. వాళ్ల బాపు నిలబడ్డ చోట తను నిలబడ్డట్టు అయిందని నాతో అన్నాడు. రెండు రోజులు పనికి పోలేదు.

మూడో రోజు నేను నీ పద్ధతే పెట్టాను. పొయ్యి ముందు కూర్చుని వాడికి వీపు పెట్టాను. చేతిలో కర్ర పట్టుకుని, "నేను బాయి లోపట ఎన్నడు చూడలే. కప్పు ఎట్ల తట్టాల్నో చెప్పు, నువ్వు చెప్పినట్టే గోడను తడుత" అన్నాను. వాడు నవ్వాడు, తరువాత ఏడ్చాడు, తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ నిలబడాలి, తప్పించుకునే దారి ఎటు ఉండాలి, అరచెయ్యి ఎంత వెడల్పు పెట్టాలి, చెవిని నమ్మాలా చేతిని నమ్మాలా. నాకు అర్థం కానప్పుడల్లా మళ్లీ చెప్పించాను. నా వంటి దానికి తెలిస్తే అధికారికి తెలియకపోతుందా? వంట మాడింది గానీ ఫికర్ చేయలేదు.

ఇన్నేండ్లు నేను మీ బావ పనిని చూశాను తప్ప అది ఏమిటో తెలుసుకోలేదు. నా కొడుకు మాట వింటూ గోడకు చెయ్యి ఆనించి తడుతుంటే, మీ బావకు లోపల ఏం తెలిసేదో నాకు మొదటిసారి కొద్దిగా తెలిసింది.

మళ్లీ పోతాడు పరీక్షకు.

రామవ్వ


కరీంనగర్
1967 అక్టోబర్

అక్కకు,

దండాలు. పోశం ఈసారి పాసయ్యాడని కార్డు రాశాడు. నేను ఆ కార్డును తరగతికి తీసుకుపోయి పిల్లలకు చదివి వినిపించాను. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు, అయినా రెండోసారి కూడా చదివాను.

ఇప్పుడు మా బడికి పత్తి వస్తోంది. తకిలీలు కూడా వచ్చాయి. అయినా పరీక్షలో 'తకిలీ అనగా నేమి' అనే ప్రశ్న పోలేదు. నేను మాత్రం పిల్లల చేత ముందు వడికించి, తరువాత వీపులు ఆనించి కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమంటున్నాను. కొత్తగా వచ్చిన తనిఖీ ఆయన, తరగతిలో ఈ గోల ఏమిటని రాసిపోయాడు.

నీ మనసులో భయం పోలేదని నాకు తెలుసు. సర్దార్ అయినంత మాత్రాన కప్పు ఆగుతుందా అని అనుకుంటూ ఉంటావు. వాడు ఎట్లా ఉన్నాడో తప్పక రాయి.

హనుమండ్లు


ఎర్రగుట్ట గనుల కాలనీ
1968 మార్చి

తమ్ముడు హనుమండ్లుకు,

నిన్న ఒక సంగతి జరిగింది. ఎవరికన్నా చెప్పాలి, నీకే చెబుతాను.

పొద్దున షిఫ్టులో పోశం తన జాగాలో కప్పు చూసి, లోపల ఉన్నవాళ్లందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు అప్పుడే పని అందుకున్నారు. ఎందుకని అడిగారు. వీడు నిలబడి చెప్పాడు. ఆ మాటలు నాకు దశరథం పూస గుచ్చినట్టు చెప్పాడు. "ఎడమ గోడ దిక్కు, ఆఖరి గుంజ దాటినంక, కప్పు పొర ఇడిచింది. తడితే సప్పుడు గట్టిగనే ఉన్నది, చెవిని నమ్మకున్రి. అరచెయ్యికి జుమ్మంటున్నది, కొస దాక ఒక్క తీరుగ రాలే, నడుమ ఎక్కువున్నది. గుంజలు పెట్టేదాక ఎవ్వరు లోపటికి పోవద్దు." పెద్దవాడొకడు పోయి చెయ్యి పెట్టి చూసి తనకేమీ తెలుస్తలేదన్నాడు. అయినా సర్దార్ చెప్పినాక రావలసిందే. అందరూ వచ్చారు. పైన అధికారి వచ్చి అడిగితే ఆయనకూ అదే చెప్పాడు. ఆయన వీడు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకుని, గుంజలు పెట్టించమన్నాడు.

కప్పు పడలేదు. పొద్దంతా పడలేదు. గుంజలు పెట్టారు, ఈ రోజు పని మామూలుగానే నడుస్తున్నది. వీడి చెయ్యి నిజం చెప్పిందో, పొరపాటు పడిందో ఎవరికీ తెలియదు, ఎన్నటికీ తెలియదు.

నిన్నటి పని పోయిందని వాళ్లందరికీ కోపం. సాయంత్రం నా ఇంటి ముందుకు వచ్చారు. "నీ కొడుకుకు పానం మీద తీపి, గందుకే మా పొట్ట కొట్టిండు" అన్నాడు ఒకడు. "సర్దారుగిరి వచ్చినంక కండ్లు నెత్తికెక్కినయి" అన్నాడు ఇంకొకడు. నేను గడపలో కూర్చుని అన్నీ విన్నాను. ఒక్కొక్కరి మొకం చూస్తూ విన్నాను. అందరూ ఉన్నారు. తిట్టి తిట్టి అలసిపోయి, వాళ్ల వాళ్ల ఇండ్లకు పోయారు.

పోశం లోపలికి వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. "అవ్వా, నేను తప్పు జేసిన్నా?" అని అడిగాడు. "కప్పు పడుతదో పడదో నాకెర్క లేదు కొడుకా. నువ్వు చెప్పినవు, వాళ్లు ఇన్నరు. లే, కాళ్లు కడుక్కో" అన్నాను. అన్నం పెట్టాను. బాగా ఆకలి మీద ఉన్నాడు, రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

మీ బావ మాట ఆ రోజు ఎవరన్నా విని ఉంటే ఇట్లాగే తిట్లు తిని ఇంటికి వచ్చేవాడు. నేనూ వాళ్లతో పాటు నాలుగు మాటలు అనేదాన్నేమో. పోశం తింటుంటే ఎదురుగా కూర్చుని కడుపునిండా ఏడ్చాను తమ్ముడా. ఎందుకేడుస్తున్నవే అవ్వా అని వాడు అడిగాడు గానీ, ఆ జవాబు మాత్రం నా నోటికి రాలేదు.

రామవ్వ